గాజుపోగు ముందు లచ్చవ్వ

"ఆ సంచి లోపల పెట్టు," అంది లచ్చవ్వ.

గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల.

సౌందర్య సంచిని భుజం మీద నుంచి దించలేదు.

"బస్సు పోతది అత్తమ్మా."

"పోనియ్యి. పచ్చి ఒళ్లు నీది. పురుడై ఇంక నెల గూడ కాలె. చెవులల్ల దూది పెట్టుకోకుంట వాకిట్లకే పోవద్దంటే, హన్మకొండ దాక బస్సుల ఊగుకుంట పోతవా?"

"సాయంత్రం వరకు వచ్చేస్త."

"వచ్చుడు పోవుడు కాదు నేననేది. నువ్వు ఆ లైటు కాడికి పోవద్దు."

అదీ అసలు మాట. జనగామలోని ఆ రెండు గదుల ఇంట్లో ఇన్ని రోజులుగా అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు తప్ప నేరుగా ఎవరూ అనలేదు. ఇవాళ పొద్దున్నే అది లచ్చవ్వ నోట్లోంచి బయటపడింది.

సౌందర్యకు ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఆడపిల్ల. నర్సింహులపేటలోని తల్లిగారింటికి వెళ్లినప్పుడు కదలిక ఆగిపోయింది. మహబూబాబాద్ దవాఖానలో కాన్పు చేసి తీశారు. ఆ తర్వాత కోడలిని తల్లిగారింట్లో ఉండనివ్వలేదు లచ్చవ్వ. ఆ ఇంట్లో, ఆ మంచం మీదే పడుకుంటే కోడలు మనాదితో చిక్కిపోతుందని తనే కారు మాట్లాడి జనగామకు తీసుకొచ్చింది. రోజూ నీళ్లు కాచి పోసింది. వెల్లుల్లి కారం కలిపిన అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది. సౌందర్య గోడ వైపు తిరిగి ఏడిస్తే వీపు మీద చేయి వేసి పడుకుంది.

కాని అలా పడుకునే అడిగేది. "ఆ లైటు కాడ ఎంతసేపు కూసునేదానివి బిడ్డా?"

మొదట్లో సౌందర్య జవాబు చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది.

హన్మకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె పరిశోధన చేస్తోంది. ఊళ్ల మధ్య మాటలనూ బొమ్మలనూ మోసే గాజుపోగుల్లో, అంటే ఆప్టికల్ ఫైబర్లలో, వెలుగు దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. దారిలో దానికి మళ్లీ బలం ఇవ్వాలి. ఆ బలాన్నిచ్చే యాంప్లిఫయర్ మీదే ఆమె పని. అదే పోగుతో, అదే కరెంటుతో, ఇప్పుడొచ్చే దానికన్నా ఎక్కువ బలం రాబట్టాలి. కడుపుతో ఉండి కూడా ఆరో నెల దాటేదాకా ల్యాబుకు పోతూనే ఉంది. ఆమె రాసిన పరిశోధన పేపరును సైన్సు పత్రికవాళ్లు చూసి, ఒక్క కొలత ఇంకా చేసి చూపించమన్నారు. దానికి కావలసిన లేజర్‌ను హైదరాబాద్ నుంచి అడిగి తెచ్చుకున్నారు. రేపు అది వెనక్కి పోతుంది.

"గీత ఉన్నది గద ఆడ. ఆ పిల్లను చెయ్యుమను," అంది లచ్చవ్వ.

"చేసింది. వస్తలేదు. అది నా చేతి పని అత్తమ్మా."

"నీ చేతి పని." లచ్చవ్వ గొంతు తగ్గింది. "ఆ కిరణాలే తిన్నయి నా మనుమరాలిని. మళ్ల వాటి కాడికే పోత అంటున్నవ్."

సౌందర్య తల తిప్పి భర్త వైపు చూసింది. యుగేందర్ వాకిట్లో బండి పక్కన నిలబడి ఉన్నాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో కరెంటు పని చూసే ఉద్యోగం. రేపు తెల్లవారి మొదటి షిఫ్టు ఉందని బయలుదేరుతున్నాడు.

"నువ్వు చెప్పు," అంది సౌందర్య. "నువ్వు ఎలక్ట్రికల్ చదివినవ్. ఆ వెలుగు ఫైబర్‌ల పోతది, ఫైబర్‌లనే వస్తది. బయటపడితే కండ్లకు దెబ్బ, గంతే. అందుకే అద్దాలు పెట్టుకుంటం. కడుపు దాక పోదు. నీకు తెలుసు గద."

యుగేందర్ చేతిలోని తాళంచెవిని చూస్తూ ఉండిపోయాడు.

"నాకేం తెలుసు," అన్నాడు చివరికి.

"తెల్వదా?"

"డాక్టర్లే ఎందుకైందో చెప్పలేమన్నరు. నేనెట్ల చెప్త."

"ఇన్నవా," అంది లచ్చవ్వ. "వాడు గూడ కాదంటలేడు."

సౌందర్య గోడకు ఆనుకుంది. నిలబడితే ఇంకా నడుము నొప్పి. అయినా సంచి దించలేదు. వీధిలో పాలబండి ఆగి, మళ్లీ కదిలింది.

లచ్చవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది.

"సరే పా. నేను గూడ వస్త."

"ఎక్కడికి?"

"నీ ల్యాబుకు. ఆ లైటు నాకు చూపెట్టు. నా కండ్లతోటి చూసినంక మాట్లాడుత."

యుగేందర్ తలెత్తాడు. "నువ్వెందుకు అవ్వా? ఆడ నీకేం సమజైతది?"

"సమజ్ కాకుంటే అడుగుత. నీకెందుకు పరేషాన్?"

"పరేషాన్ ఏం లేదు. ఊకె ఎందుకు అని." సౌందర్య వైపు తిరిగి అన్నాడు, "ఇయ్యాల వద్దు. జర ఆగు. కొన్నిరోజులు పోయినంక చూద్దాం."

"రేపు లేజర్ పోతది."

"పోతే పోనియ్యి."

ఆ మాట సౌందర్యకు గుచ్చుకుంది. లచ్చవ్వ లోపలికి వెళ్లి చీర మార్చుకొచ్చి, కోడలి చెవుల్లో దూది పెట్టి, తన ఉన్ని శాలువాను ఆమె తల చుట్టూ గట్టిగా చుట్టింది. వాళ్లు బయటికి వచ్చేసరికి యుగేందర్ బండి వీధి మలుపు తిరిగిపోయింది. పోయొస్తానని కూడా చెప్పలేదు.

*

ల్యాబు తలుపు తీసింది గీత. గార్ల దగ్గరి తండా అమ్మాయి, సౌందర్య తర్వాత పరిశోధనలో చేరింది. సౌందర్యను చూసి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వెనుక లచ్చవ్వను చూసి చేతులు వదిలేసింది.

"మా అత్తమ్మ," అంది సౌందర్య. "లైటు చూస్తదంట."

గీతకు అర్థమైంది. గతవారం ఫోన్లో సౌందర్య అత్తమ్మ అంటున్న మాటలు చెప్పి ఏడ్చి, గీత బదులిచ్చేలోపే పెట్టేసింది. ఇద్దరికీ గైడ్ అయిన హరీశ్ సార్ మీటింగుకని హైదరాబాద్ వెళ్లాడు. ల్యాబులో ఇంకెవరూ లేరు. గీత ఒక స్టూలు తెచ్చి లచ్చవ్వకు వేసింది. దళసరి కళ్లద్దాలు ఇచ్చి పెట్టుకోమంది.

"ఏది, ఎక్కడున్నది?" అంది లచ్చవ్వ. బల్ల మీద ఆమెకు కొన్ని డబ్బాలు, వైర్లు, చుట్టగా చుట్టిన వెంట్రుక లాంటి పోగు ఒకటి కనిపించాయి. అంతే.

సౌందర్య గదిలో దీపాలు ఆర్పి, లేజర్ మీట నొక్కింది.

చుట్ట మెల్లగా వెలిగింది. ఆకుపచ్చగా, లేత నారుమడి రంగులో. గది మొత్తంలో అదొక్కటే కనిపిస్తోంది.

లచ్చవ్వ చాలాసేపు చూసింది.

"ఇదేనా."

"ఇదే."

"ఇంత సన్నదా."

"ఇంతే అత్తమ్మా. గాజుల ఎర్బియం అని ఒక లోహం కలుపుతరు. అందుకే పచ్చగ కనిపిస్తది. అసలు మనం పంపే వెలుగు కంటికి కనపడదు."

కంటికి కనపడదు అన్న మాట అనకుండా ఉండవలసింది. లచ్చవ్వ ముఖం మళ్లీ మారింది.

"కనపడనిది ఏడికి పోతదో ఎవలకెరుక?"

"ఏడికి పోతదో కొలిచేందుకే ఈ మిషన్లు. బయటికి వస్తే వీట్లల్ల తెలుస్తది."

లచ్చవ్వ చేయి చాచి అరచేతిని చుట్ట మీద పట్టింది, పొయ్యి వేడి చూసినట్టు. వేడి లేదు.

"కడుపుల బిడ్డ దాక పోదు?"

"పోదు."

"ఒట్టు పెట్టు."

సౌందర్య ఆ చీకట్లో ఆమె వైపు చూసింది.

"ఎవరి మీద పెట్టుమంటవ్ అత్తమ్మా?"

లచ్చవ్వ చేయి వెనక్కి తీసుకుంది. గీత వెళ్లి దీపాలు వేసింది.

*

ఆ తర్వాత పని మొదలైంది. మొదలుపెట్టాక సౌందర్యకు నడుము నొప్పి గుర్తు రాలేదు.

మామూలుగా వెలుగు ఆ ఎర్బియం పోగులో ఒకసారి ప్రయాణించి బయటికి వచ్చేస్తుంది. సౌందర్య పోగు చివర అద్దంలా పనిచేసే ముక్క అతికి, అదే వెలుగును అదే పోగులో వెనక్కి పంపింది. పోయేటప్పుడు కొంత బలం, వచ్చేటప్పుడు మరికొంత. చెప్పడానికి తేలిక. కాని ఆ పోగు మంచీ చెడూ చూడదు. వెలుగుతో పాటు అందులో కలిసే అక్కరలేని వెలుగును, వాళ్లు రొద అనేదాన్ని కూడా పెంచుతుంది. అందుకని తమకు కావలసిన వెలుగును మాత్రమే వెనక్కి పంపే అద్దాన్ని వెతికి పెట్టింది. బలం పెరిగినా రొద పెరగలేదని కొలిచి చూపించాలి. పత్రికవాళ్లు అడిగింది అదే.

"బలం ఇరవై తొమ్మిది డెసిబెల్స్ దాటుతలేదు అక్కా," అంది గీత. "పంపు లేజర్ పెంచితే ఫైబర్ తనంతట తనే వెలుగు పుట్టించుకుంటున్నది. మనం పంపింది అట్లనే ఉంటున్నది."

"ఎక్కడ్నో ఎదురు తగుల్తుంది. అద్దం కాడి అతుకు చూసినవా?"

"రెండుసార్లు కోసి మళ్ల అతికిన."

"ఇటు మొదట్ల కనెక్టరు?"

"తుడిచిన."

సౌందర్య దాన్ని విప్పి భూతద్దం యంత్రం కింద పెట్టింది. తెర మీద గుండ్రటి గాజు ముఖం, దాని నడుమ చిన్న మచ్చ. తుడిస్తే పోయేది కాదు, కాలిన మచ్చ. రావలసిన వెలుగు అక్కడ కొంచెం తగిలి, తప్పు దారిలో వెనక్కి పోతోంది.

"కనెక్టరే వద్దు," అంది. "కోసేసి నేరుగా అతుకుదాం."

పోగు కొసను కోసింది. కోత వంకరగా పడింది. మళ్లీ కోసింది. రెండు కొసలను కరిగించి అతికే యంత్రంలో పెట్టి, ఊపిరి బిగబట్టి మూత వేసింది. లచ్చవ్వ స్టూలు మీద నుంచి ఆ చేతులనే చూస్తూ కూర్చుంది. ఈ కోడలు ఇంట్లో ఇన్ని రోజులుగా గ్లాసెడు నీళ్లు కూడా సరిగ్గా పట్టుకోలేదు.

అతుకు పడింది. మళ్లీ లేజర్ వేశారు. గీత తెర మీద అంకెలు చదువుతూ పోయింది. పాత హద్దు దాటింది. ముప్పై మూడు. ముప్పై ఐదు. ముప్పై ఏడు దాటి అక్కడ నిలబడింది. కింద రొదను చూపే అంకె మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది.

"అక్కా," అంది గీత, నమ్మలేనట్టు. "అట్లనే ఉన్నది. పెరగలే."

"ఇంకోసారి కొలువు."

ఇంకోసారి కొలిచినా అదే. గీత లేచి సౌందర్యను కావలించుకుంది. సౌందర్య నవ్వబోయింది. అంతలో ఆమె రెండు చేతులూ రొమ్మును అదుముకున్నాయి. జాకెట్టు ముందు భాగం తడిసిపోతోంది.

పాలు.

ఇంట్లో తగ్గిపోయాయనుకున్నవి. ఎందుకు వచ్చాయో, ఇప్పుడే ఎందుకు వచ్చాయో. ఆమె కుర్చీలో కూలబడి మోకాళ్ల మీదికి వంగిపోయింది.

లచ్చవ్వ పరుగున వచ్చి శాలువా తీసి ఆమె ముందు కప్పింది. కోడలి తలను తన పొట్టకు అదుముకుంది. ఆమె కళ్లలోంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

"ఊకో బిడ్డా. ఊకో." ఎవరితోనో అన్నట్టు మెల్లగా అంది. "ఈ చదువు, ఈ లైటు లేకుంటే... ఈ పాలు తాగేటిది బతికి ఉండు గద."

గీత ఇంక ఆపుకోలేకపోయింది.

"లైటు కాదు అవ్వా. ఎన్నిసార్లు చెప్పాలె? బొడ్డుతాడుకు ముడి పడ్డది. మా పెద్దమ్మ ఆ దవాఖానలనే నర్సు, కాన్పప్పుడు ఆడనే ఉన్నది. డాక్టరమ్మ అన్నకు చూపెట్టి మరీ చెప్పింది. తెలిసి గూడ అక్కను ఎందుకు అంటున్నరు?"

సౌందర్య తల ఎత్తింది.

"ఏం ముడి?" అంది.

గీత ఆమె ముఖం చూసింది, లచ్చవ్వ ముఖం చూసింది. తానేం చేసిందో అప్పుడు తెలిసింది.

"నీకు తెల్వదా అక్కా?"

"ఎవరికి చూపెట్టిండ్రు?"

"యుగేందర్ అన్నకు."

*

లచ్చవ్వే ఫోన్ చేయించింది. గీత వాళ్ల పెద్దమ్మ పేరు చంద్రి. కాన్పు నొప్పుల్లో సౌందర్య చేయి పట్టుకుని కూర్చున్న నర్సు ఆమే. ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినిపించేలా చేసింది గీత.

"నేను యుగేందర్ తల్లిని మాట్లాడుతున్న," అంది లచ్చవ్వ. "ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా."

అటువైపు చంద్రి కొంచెం తటపటాయించింది. తర్వాత చెప్పింది. బొడ్డుతాడు కడుపులోనే ముడి పడింది. కొందరికి అలా అవుతుంది, ఎవరి తప్పూ ఉండదు. వదులుగా ఉన్నంతకాలం ఏమీ కాదు. బిగుసుకుంటే బిడ్డకు రక్తం అందదు. డాక్టరమ్మ ఆ ముడిని యుగేందర్‌కు చూపించి, ముందురోజు కదలిక తగ్గిన పూటే తీసుకొస్తే ఆపరేషన్ చేసి ఒక ప్రయత్నం చేసేవాళ్లమని అంది. దక్కేదో లేదో చెప్పలేమని కూడా అంది.

"అది ఇని ఆయన గోడ పట్టుకొని కింద కూసున్నడు అవ్వా. శానసేపు లేవలే. లేసినంక మమ్మల్ని ఒకటే అడిగిండు. ఆమెకు ఇప్పుడే చెప్పొద్దు, నేనే నిదానంగ చెప్త అన్నడు. చెప్పిండేమో అనుకున్న."

"చెప్పలే," అంది లచ్చవ్వ.

లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ వంగింది.

"పిల్ల ఎట్లుండె?"

"మంచిగుండె అవ్వా. జుట్టు మస్తుండె. మొఖం మీ కోడలు లెక్కనే."

సౌందర్య కళ్లు మూసుకుంది. ఆమెకు బిడ్డను చూపించలేదు. చూస్తే తట్టుకోలేదని పెద్దలు అన్నారు. యుగేందర్, ఆమె తండ్రి హన్మంతు కలిసి తీసుకెళ్లి మట్టి చేసి వచ్చారు.

గీత ఫోన్ కట్టేసింది. సౌందర్య లేచి లేజర్ ఆర్పి, కొలతలు దాచి, పోగు మీద మూత పెట్టింది. అన్నీ ఒక్కొక్కటిగా, తొందర లేకుండా. ఆ పని చేసుకోనిచ్చి లచ్చవ్వ ఎదురుచూసింది.

"ఇంటికి పోదామా అత్తమ్మా?"

"ఇంటికి కాదు," అంది లచ్చవ్వ. "భూపాలపల్లి బస్సు ఎక్కుదాం."

*

బస్సులో కిటికీ పక్కన సౌందర్యను కూర్చోబెట్టి తాను ఇటువైపు కూర్చుంది. బస్సు పరకాల దాటింది.

"నిన్ను శాన అన్న," అంది లచ్చవ్వ, ముందు సీటును చూస్తూ.

లేదు అత్తమ్మా అనడానికి సౌందర్యకు నోరు రాలేదు. కాని లచ్చవ్వ చేయి వచ్చి తన చేతి మీద పడితే తీసేయలేదు.

వాళ్లు క్వార్టర్ తలుపు కొట్టేసరికి పొద్దు వాలుతోంది. బొగ్గు లారీలు లేపిన దుమ్ము ఇంకా గాలిలో ఉంది. యుగేందర్ బనీను మీద వచ్చి తలుపు తీశాడు. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఇద్దరినీ చూసి అతను పక్కకు తప్పుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఏమైంది? గిట్ల వచ్చిండ్రేంది?"

లచ్చవ్వ అతన్ని దాటుకుని వెళ్లి మంచం మీద కూర్చుంది. సౌందర్య ప్లాస్టిక్ కుర్చీ లాక్కుంది.

"నీళ్లియ్యి," అంది తల్లి.

తెచ్చిచ్చాడు. గ్లాసు మొత్తం తాగి పక్కన పెట్టింది.

"తాడు ముడి సంగతి నాకెందుకు చెప్పలేదు ర?"

యుగేందర్ నిలబడ్డచోటే ఉండిపోయాడు. ఎవరు చెప్పారని అడగలేదు.

"దినాం ఈ పిల్లను పొడిసిన. నీళ్లు పోసుకుంట పొడిసిన, అన్నం పెట్టుకుంట పొడిసిన. నువ్వు ఇనుకుంట ఊకున్నవ్. ఇయ్యాల పొద్దుగాల గూడ, డాక్టర్లు చెప్పలేమన్నరు అంటివి."

"చెప్దామనుకున్న అవ్వా."

"ఎప్పుడు?"

అతను తల దించుకున్నాడు.

"మొదలు ఆమె లేవలేని స్థితిల ఉండె. తర్వాత నువ్వు లైటు అనబట్టినవ్. నువ్వు అట్ల అంటుంటే... నన్నెవలు అడుగుతలేరు అనిపిచ్చింది." పొయ్యి వైపు చూశాడు. "ఒక్కరోజు ఊకున్న. ఇగ తర్వాత చెప్పరాలే."

సౌందర్య ఇంతసేపూ అతన్నే చూస్తోంది. ఇప్పుడు మాట్లాడింది. గొంతులో కోపం లేదు, అందుకే వినడానికి కష్టంగా ఉంది.

"ముందురోజు సాయంత్రం నీకు ఫోన్ చేసిన. పొద్దుట్నుంచి సరిగ కదుల్తలేదు అన్న. నువ్వు డ్యూటీల ఉన్న అన్నవ్. రేపు పొద్దుగాల వచ్చి తీస్కపోత, అన్నం తిని ఎడమ పక్కకు పండుకో అన్నవ్. నేను పండుకున్న."

"సౌందర్యా."

"చెప్పనియ్యి. ఇన్ని రోజులల్ల నిన్ను ఒక్కమాట అన్ననా దాని గురించి? గని కాడ ఉన్నోడు ఎట్ల వస్తడు అనుకున్న. మా నాయినను లేపి ఆటో మాట్లాడుకొని పోవాల్సింది నేనే గద అనుకున్న. అత్తమ్మ లైటు అంటే అదేమో అనుకున్న. సైన్సు చదివి గూడ అనుకున్న. అంతా నామీదనే వేసుకున్న. నీమీద మాత్రం వెయ్యలే, నువ్వు డ్యూటీల ఉన్నవని."

యుగేందర్ గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు. బహుశా ఆ రోజు దవాఖానలో కూడా అలాగే కూర్చుని ఉంటాడు.

"నేను డ్యూటీల లేను," అన్నాడు.

లచ్చవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఏమంటున్నవ్?"

"ఆ రోజు లీవు పెట్టిన. హన్మకొండల ఉన్న."

"హన్మకొండల ఏం పని నీకు?"

"హరీశ్ సార్ రూముల ఉన్న."

సౌందర్య కుర్చీ చేయిని పట్టుకుంది.

"కాన్పైనంక నువ్వు మళ్ల ల్యాబుకే పోతవ్. పిల్ల ఒకదిక్కు, నువ్వు ఒకదిక్కు, నేనొకదిక్కు. గట్ల బతుకుడు నాతోటి కాదు అనుకున్న. నేను చెప్తే నువ్వు ఇడిసిపెట్టవు. అందుకని సార్‌నే అడగపోయిన, ఆమెను చదువు బంద్ చేయిపియ్యండి అని. గప్పుడే నీ ఫోన్ వచ్చింది. సార్ ఎదురుంగ ఉన్నడు. హన్మకొండల ఉన్న అంటే ఎందుకు పోయినవ్ అంటవ్. అందుకని... డ్యూటీ అన్న."

హన్మకొండ నుంచి బండి మీద బయలుదేరితే ఆ సాయంత్రమే నర్సింహులపేట చేరేవాడు. ఆ లెక్క ముగ్గురికీ తెలుసు. అతను ఎన్నిసార్లు వేసుకుని ఉంటాడో అతనికే తెలుసు.

"సార్ ఏమన్నడు?" అంది సౌందర్య.

"ఆమె నోటితోటి చెప్పనియ్యి అన్నడు. ముందుగాల ఆమెను అడుగు పో అన్నడు."

"నన్ను అడగలే నువ్వు."

"కాదంటవని తెలుసు."

అన్నం మాడుతున్న వాసన వచ్చింది. లచ్చవ్వ లేచి, గోడ పట్టుకుంటూ వంట మూలకు నడిచింది. పొయ్యి ఆర్పిన చప్పుడు వినిపించింది.

సౌందర్య కుర్చీలో ముందుకు వంగింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు యుగేందర్. ఆమె ఏడవలేదు.

"అడిగేటందుకు అంత దూరం పోయినవ్ గద," అంది. "ఇప్పుడు అడుగు. చదువు బంద్ చేస్తవా అని నన్నే అడుగు."

అతను తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. వంట మూలలో లచ్చవ్వ అటు తిరిగే నిలబడి ఉంది, కొడుకు ఏమంటాడోనని చెవులు రిక్కించి.